క్యాటపల్టా, ఆర్చరా? దూరం నుంచి కొట్టే మెక్‌ని ఎంచుకునే ముందు

బ్యాటిల్‌టెక్ అనే బల్ల మీది యుద్ధపు ఆట మొదలుపెట్టిన ప్రతివాళ్లూ మూడో ఆటకో నాలుగో ఆటకో ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. నాలుగు మెక్‌ల, అంటే నడిచే యుద్ధయంత్రాల, జట్టులో ముగ్గురు ముందుకెళ్లి కొట్లాడుతుంటే, వెనక కొండ చాటున నిలబడి క్షిపణులు కురిపించేది ఒకటి కావాలి. ఏది తీసుకోవాలి? ఒకరు కళ్లు మూసుకుని ఆర్చర్ తీసుకోమంటారు. ఇంకొకరు క్యాటపల్ట్ అని ఒట్టేసి చెప్తారు. మూడో ఆయన లాంగ్‌బో పేరు చెప్పి, అది ఎన్ని క్షిపణులు వదులుతుందో లెక్కపెట్టి చూపిస్తాడు. నేను వీటన్నిటితోనూ ఓడిపోయాను. కొన్నిసార్లు గెలిచాను కూడా. ఆ అనుభవంతో రాస్తున్న సలహా ఇది.

ఆట కొత్తవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. 1984లో ఫాసా అనే అమెరికన్ కంపెనీ దీన్ని బ్యాటిల్‌డ్రాయిడ్స్ పేరుతో తెచ్చింది. ఆ పేరులోని 'డ్రాయిడ్' మాట మీద సినిమావాళ్ల నుంచి అభ్యంతరం రావడంతో మరుసటి ఏడాదికి బ్యాటిల్‌టెక్ అయింది. కథ 31వ శతాబ్దంలో నడుస్తుంది. 20 నుంచి 100 టన్నుల దాకా బరువుండే నడిచే యుద్ధయంత్రాలు, ఒక్కోదాంట్లో ఒక పైలట్. షడ్భుజి గడులున్న మ్యాప్ మీద రెండు పాచికలతో ఆడతాం. గడి అంటే 30 మీటర్లు, ఒక టర్న్ అంటే 10 సెకన్లు. ఇక్కడ చెప్పే అంకెలన్నీ 3025 కాలానివి, బల్ల మీద ఆడే ఆటవి. కంప్యూటర్ ఆటల సంగతి చివర్లో విడిగా చెప్తాను, అక్కడ లెక్క వేరు.

ఇంకో చిన్న సరదా. ఈ కోవలో వచ్చే మెక్‌లలో కొన్నిటికి పేర్లు పాత కాలపు యుద్ధాల నుంచే పెట్టారు. ఆర్చర్ అంటే విలుకాడు, లాంగ్‌బో అంటే పొడుగు విల్లు, క్యాటపల్ట్, ట్రెబుషే అంటే కోట గోడల మీదికి బండరాళ్లు రువ్వే యంత్రాలు రెండు రకాలు. పేరు వినగానే పని తెలిసిపోతుంది.

ముందు క్షిపణి సంగతి

మెక్ పేర్ల దగ్గర గొడవపడే ముందు అది మోసే ఆయుధం అర్థం కావాలి. ఎల్ఆర్ఎం అని పిలిచే ఈ దూరపు క్షిపణులు 5, 10, 15, 20 గుత్తుల్లో దొరుకుతాయి; 20 గుత్తి అంటే ఒకేసారి 20 క్షిపణులు వదిలేది. 7 గడుల దాకా దగ్గర, 14 దాకా మధ్య, 21 దాకా దూరం. అంటే గరిష్ఠం 630 మీటర్లు. మన పినాక రాకెట్లే ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్తుంటే, వెయ్యేళ్ల తర్వాతి క్షిపణి ఊరి చివరి చెరువు దాటలేకపోవడం ఏంటని నవ్వొస్తుంది. అంత దూరం పెడితే మ్యాప్ పరవడానికి డాబా మొత్తం చాలదు. బల్ల మీద పట్టాలి కాబట్టి కుదించారు, అంతే.

నవ్వు రానిది మరోటి ఉంది: కనీస దూరం. శత్రువు 6 గడుల్లోపలికి వస్తే ఈ క్షిపణులు తడబడతాయి. 6 గడుల దగ్గర పాచికల్లో పడాల్సిన అంకెకి 1 కలిపి లెక్కపెట్టాలి, 3 గడుల దగ్గర 4 కలపాలి, పక్క గడిలోకి వచ్చేస్తే 6. అంటే సరిగ్గా 7 గడుల దూరం బంగారం లాంటిది. అక్కడ దగ్గర దూరం లెక్కే, కనీస దూరం జరిమానా లేదు. ఆరంటే కష్టం, ఎనిమిదంటే నష్టం.

మామూలు పైలట్ గురి 4, అంటే రెండు పాచికలూ కలిపి కనీసం 4 పడాలి; దెబ్బ కష్టమయ్యే కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. నువ్వు కదలకుండా నిలబడ్డావు, శత్రువు ఆ టర్న్‌లో 5 గడులు కదిలాడు, దానికి 2. అతను 7 గడుల దూరంలో ఉంటే నీకు 6 పడితే చాలు, 36లో 26 సార్లు తగులుతుంది. 14 గడుల దూరంలో ఉంటే మధ్య దూరానికి ఇంకో 2 కలిసి 8 కావాలి, 36లో 15. ఇప్పుడు కొండ చాటు నుంచి కొడుతున్నావనుకో. నీకు కనపడడు, నీ జట్టులో ఇంకొకడు చూసి చెప్పాలి. చాటు నుంచి కొట్టినందుకు 1, చూసి చెప్పేవాడు నడిచినందుకు ఇంకో 1. అదే 14 గడుల దెబ్బకి ఇప్పుడు 10 కావాలి. 36లో 6. ఆరింట ఒకటి!

కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. చాటు నుంచి కొట్టడం అంటే ఉచితంగా కొట్టడం అనుకుంటారు. నిజానికి నీకు దెబ్బ తగలకుండా ఉండటానికి నీ దెబ్బల్లో సగానికి పైగా వదులుకుంటున్నావు. చూసి చెప్పేవాడు పరిగెత్తితే 2, ఎగిరితే 3 కలపాలి, అతను తన తుపాకీ కూడా పేలిస్తే ఇంకో 1. అప్పుడు క్షిపణులు వదలడం కంటే ఊరుకోవడం నయం.

తగిలినా గుత్తి మొత్తం తగలదు. 20 గుత్తి వదిలితే మామూలుగా 12 తగులుతాయి, 15 వదిలితే 9. అవి కూడా ఐదేసి చొప్పున విడిపోయి ఒకటి కాలికి, ఒకటి భుజానికి, ఒకటి మొండెం పక్కకి తగులుతాయి. ఒకేచోట కన్నం పెట్టే ఆయుధం కాదిది. ఒళ్లంతా గీరి పెడుతుంది. మిగతా ముగ్గురూ ఆ గీతల మీద కొట్టాలి.

వెనక్కి ఎంత వేగంగా పోగలవు?

ఈ ప్రశ్న ఎవరూ వేయరు కానీ నా లెక్కలో ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది. ముఖం శత్రువు వైపే ఉంచి వెనక్కి నడవొచ్చు, కానీ పరిగెత్తడం కుదరదు. ఎదుటివాడు మామూలు పెద్ద మెక్ అనుకుందాం, టర్న్‌కి 6 గడులు పరిగెత్తుకొస్తాడు. మీ ఇద్దరి మధ్యా 14 గడులున్నాయి. నువ్వు కొడుతూ వెనక్కి నడుస్తున్నావు.

లాంగ్‌బో టర్న్‌కి 3 గడులే నడుస్తుంది. ప్రతి టర్న్‌లో దూరం 3 తగ్గుతుంది, మూడో టర్న్‌కి వాడు నీ గడపలో ఉంటాడు. ఆర్చర్, క్యాటపల్ట్ రెండూ 4 నడుస్తాయి, వాటికి నాలుగు టర్న్‌లు దక్కుతాయి. ట్రెబుషే 5 నడుస్తుంది, దూరం టర్న్‌కి ఒక్క గడే తగ్గుతుంది. ఎనిమిది టర్న్‌లు! మ్యాప్ అంచు అడ్డొస్తుంది, చెట్లు అడ్డొస్తాయి, నడిచినందుకు గురికి 1 కలుస్తుంది, ఇవన్నీ నిజమే. అయినా కాగితం మీద 50 టన్నుల బక్క మెక్‌గా కనిపించేది 85 టన్నుల దానికంటే రెండింతలు ఎక్కువ సేపు తన పని తాను చేసుకోగలదు.

వెనక్కి పోలేనిది మరి ఏం చేయాలి? దగ్గరికి వచ్చినవాడి దెబ్బ కాసుకోవాలి, లేదా ఎగిరిపోవాలి. ఆర్చర్‌కి, క్యాటపల్ట్‌కి ఉన్న అసలు తేడా అదే.

ఆర్చర్: నిలబడి దెబ్బ కాసేది

70 టన్నులు. ఆట చరిత్రలో 2474లో పుట్టింది, కాబట్టి 3025 నాటికి అది అయిదు వందల ఏళ్లు దాటిన ముసలిది. ఏఆర్సీ-2ఆర్ అనే మామూలు రకంలో 20 గుత్తులు రెండు, మీడియం లేజర్లు నాలుగు. ఆర్మర్, అంటే కవచం, 208 పాయింట్లు. 70 టన్నుల మెక్ మోయగలిగే గరిష్ఠం 217 కాబట్టి ఇది దాదాపు నిండు కుండ. వెనక నిలబడే మెక్‌కి ఇంత ఆర్మర్ ఎందుకు అని మొదట్లో నేనూ అనుకున్నాను. మూడో టర్న్‌లో మా బావ పంపిన మెక్ వచ్చి ముక్కు మీద గుద్దాక అర్థమైంది.

క్షిపణులు 4 టన్నులు, టన్నుకి 6 సార్ల చొప్పున ఒక్కో గుత్తి 24 సార్లు. రెండు గుత్తులూ కలిపి వదిలితే 12 సార్లు. అంత పొడుగు ఆట మనం ఆడం.

లోపం ఎక్కడంటే వేడి. వేడిని లాగేసే హీట్ సింక్‌లు 10 మాత్రమే, అంటే టర్న్‌కి 10 పోతుంది. రెండు గుత్తులూ వదిలితే వేడి 12, నడిస్తే ఇంకో 1. టర్న్‌కి 3 మిగులుతుంది. మొదటి టర్న్‌కి 3, రెండో టర్న్‌కి 6 అయ్యి నడక ఒక గడి తగ్గుతుంది, మూడో టర్న్‌కి 9 అయ్యి గురి కూడా చెడుతుంది. రెండు టర్న్‌లు రెండేసి గుత్తులు, మూడో టర్న్ ఒకే గుత్తి, ఈ తాళం అలవాటు చేసుకోవాలి. అలవాటైతే చేతికి ఇట్టే వస్తుంది. కాకపోతే, సరిగ్గా పారిపోవాల్సిన టర్న్‌లో కాళ్లు ఈడుస్తూ కనిపిస్తావు.

ఇంకో చిరాకు: నాలుగు లేజర్లలో రెండు వెనక్కి తిరిగి ఉంటాయి. ఎవరి ఆలోచనో కానీ, ముందున్నవాణ్ణి కొట్టడానికి చేతుల్లోని రెండే మిగిలాయి. అయితే దీనికి పిడికిళ్లున్నాయి. ఒక్కో గుద్దు 7, తన్ను 14. లేజర్ పేల్చిన చేత్తో అదే టర్న్‌లో గుద్దకూడదు, అది గుర్తుంచుకుంటే చాలు. క్షిపణులకి దగ్గర పడిపోయిన శత్రువుని ఆర్చర్ కాలెత్తి తన్నినప్పుడు కలిగే సంతోషం క్షిపణులు తగిలినప్పుడు కూడా కలగదు.

కథలు ఇష్టపడేవాళ్లకి ఒక ఆకర్షణ కూడా ఉంది. కిరాయి సేనల్లో పేరుమోసిన వుల్ఫ్స్ డ్రాగూన్స్ నాయకుడు జేమీ వుల్ఫ్ ఎక్కేది ఆర్చరే. నాయకుడు వెనక నిలబడి మొత్తం చూస్తూ కొట్టే మెక్ ఎంచుకోవడం తెలివైన పనే.

క్యాటపల్ట్: ఎగిరేది, కానీ ఎగిరితే గురి ఉండదు

చూడగానే ఇష్టపడేలా ఉంటుంది, ఒప్పుకోవాలి. చేతులుండవు. భుజాల మీద రెండు పెట్టెలు చెవులు నిక్కబొడుచుకున్న కుందేలులా ఉంటాయి, కాళ్లు కొంగలా వెనక్కి మడుస్తాయి. 65 టన్నులు, 2561 నాటిది, ఆట కథలోని కాపెల్లన్ రాజ్యంతో పెనవేసుకున్న పేరు. సీ1 అనే మామూలు రకంలో 15 గుత్తులు రెండు, మీడియం లేజర్లు నాలుగు, అన్నీ ముందుకే. హీట్ సింక్‌లు 15. నాలుగు గడులు ఎగరగలదు.

దీని అందం వేడి లెక్కలో ఉంది. రెండు గుత్తులూ వదిలితే 10, నాలుగు గడులు ఎగిరితే 4, మొత్తం 14. సింక్‌లు 15. ఆట మొదటి నుంచి చివరి దాకా ప్రతి టర్న్ ఎగిరి ప్రతి టర్న్ వదిలినా వేడెక్కదు. శత్రువు దగ్గరికొస్తే క్షిపణులు ఆపి నాలుగు లేజర్లూ తిప్పు: 12, ఎగిరితే 16. ఒక్కటి మిగిలింది, దాన్ని ఎవరు పట్టించుకుంటారు? దగ్గర పోరులో ఆర్చర్ రెండు లేజర్లతో చేసే పని ఇది నాలుగింటితో చేస్తుంది.

ఇక్కడ అమ్మేవాడి మాటలాగా ఆపేయకూడదు. ఎగిరిన టర్న్‌లో నీ గురికి 3 కలుస్తుంది. 7 గడుల దగ్గర 6 కావాల్సింది 9 అవుతుంది. కాబట్టి రోజూ కప్పగంతులు వేస్తూ కొడతాననుకుంటే క్షిపణులు గాల్లో కలిసిపోతాయి. ఎగరడం స్థలం మార్చడానికి. ఇవాళ ఆ గుట్ట మీదికి ఎగురు, అక్కడ రెండు టర్న్‌లు రాయిలా నిలబడి కొట్టు, వాడు గుట్ట ఎక్కడానికి వచ్చేసరికి అవతలి పక్కకి దూకు. నడిచేవాడు ఆ గుట్టని చుట్టి రావడానికి రెండు టర్న్‌లు పడుతుంది. నీకు మళ్లీ 7 గడుల దూరం దొరుకుతుంది. క్యాటపల్ట్‌ని సరిగ్గా ఆడటమంటే ఇంతే. బల్లపరుపు మ్యాప్ మీద మాత్రం దీన్ని తీసుకుంటే ఎగరడానికి మోసే ఆ జంప్ జెట్ల బరువు దండగ.

క్షిపణులు తక్కువని దీనికి పాత చెడ్డపేరు ఉంది. 2 టన్నులు, టన్నుకి 8 సార్లు, రెండు గుత్తులూ కలిపితే 8 సార్లే. నేనూ ఇది విని చాలాకాలం దీన్ని దూరం పెట్టాను. ఆడి చూశాక తెలిసిందేంటంటే, మనం ఆడే ఒక సాయంత్రపు ఆటలో ఎనిమిది సార్లు నిండుగా వదిలే అవకాశం దొరకడమే గగనం. మొదటి టర్న్ దూరం, మధ్యలో ఒకట్రెండు టర్న్‌లు ఎవరూ కనపడరు, చివర్లో ఎవరో దగ్గరికి వచ్చేస్తారు. లెక్క చూసుకుంటే అయిదారు సార్లు. ఒక యుద్ధం తర్వాత ఇంకో యుద్ధం, మధ్యలో సరఫరా ఉండదని పెట్టుకుని ఆడే పొడుగు కథల ఆటల్లో మాత్రం ఆ చెడ్డపేరు నిజమే.

పైగా తక్కువ క్షిపణులు మోయడంలో ఒక సుఖం ఉంది. ఏ గుత్తివైనా సరే, నిండు టన్ను క్షిపణులు లోపలే పేలితే దెబ్బ 120. ఈ కాలంలో పేలుడుని బయటికి వదిలే పెట్టెలు మన మెక్‌లకి ఉండవు. ఒక్కసారి పేలిందంటే మెక్ లేదు. ఆర్చర్ కడుపులో అలాంటివి నాలుగు, క్యాటపల్ట్‌లో రెండు. నా క్యాటపల్ట్ ఒకసారి ఇలాగే ఎగిరిపోయింది, జంప్ జెట్లతో కాదు. గుత్తి ఉన్న భుజం మీది పెట్టె ఊడిపోయింది, దాని క్షిపణులు మాత్రం మొండెంలో ఎవరికీ పనికిరాకుండా కూర్చున్నాయి. మా బావ పాచిక వేసి, "నీ మెక్ ఏంట్రా పలకట్లేదు?" అన్నాడు. అప్పట్నుంచి మొదటి టర్న్‌ల్లోనే ధారాళంగా వదిలేయడం నేర్చుకున్నాను. దాచుకున్న క్షిపణి దాచుకున్న బాంబే.

ఆర్మర్ 160. చెడ్డది కాదు, కానీ ఆర్చర్ 208 పక్కన పెడితే ఒక గట్టి దెబ్బ తేడా. నిలబడి కాసుకోలేదు. కొత్తవాళ్లకి దీన్ని నేను ఎందుకు మొదటే ఇవ్వనో ఇదే కారణం: ఎప్పుడు దూకాలో తెలిసినవాడి చేతిలోనే ఇది బతుకుతుంది.

ట్రెబుషే: ఎవరూ పట్టించుకోని చౌక బేరం

50 టన్నులు. 15 గుత్తులు రెండు, క్యాటపల్ట్‌వే. ముందుకి మూడు మీడియం లేజర్లు. 5 నడక, 8 పరుగు. ఆర్మర్ 120, అదే దీని పాపం. సింక్‌లు 10, కాబట్టి నడుస్తూ రెండు గుత్తులూ వదిలితే టర్న్‌కి ఒక్కటే మిగులుతుంది, బాధ లేదు.

ఆటలో మెక్‌ల బలాన్ని కొలిచే పాయింట్లు ఉన్నాయి కదా, బ్యాటిల్ వాల్యూ. మామూలు పైలట్‌తో ఆర్చర్ 1477, క్యాటపల్ట్ 1399, ట్రెబుషే 1191. ఇప్పుడు ట్రెబుషే పైలట్ గురిని 4 నుంచి 3కి మార్చు. పాయింట్లు 1.2 రెట్లవుతాయి, అంటే 1429 దగ్గర. మామూలు పైలట్ ఎక్కిన ఆర్చర్ కంటే ఇంకా తక్కువే! ఆ ఒక్క గురితో 14 గడుల దెబ్బకి 8 బదులు 7 చాలు. 36లో 15 సార్లు తగిలేది 21 సార్లు తగులుతుంది. పెద్ద గుత్తి మోసే మందబుద్ధి కంటే చిన్న గుత్తి మోసే మంచి గురికాడు మేలని నేను పది ఆటల తర్వాత గానీ ఒప్పుకోలేదు.

ఒక షరతు ఉంది. ముందున్న ముగ్గురూ నిజంగా ముందు ఉండాలి. శత్రువు వాళ్లని దాటి దీని దగ్గరికొస్తే కథ రెండు టర్న్‌ల్లో ముగుస్తుంది.

మిగతావి చకచకా

లాంగ్‌బో, 85 టన్నులు. 20 గుత్తులు రెండు, 5 గుత్తులు రెండు. పేపరు మీద రాజు. కోట కాపాడే ఆటలు, ముందు గోడలా నిలబడే జట్టు, పెద్ద మ్యాప్, ఇవన్నీ ఉంటేనే తీసుకో. 3 గడుల నడక గురించి పైనే చెప్పాను.

విట్‌వర్త్ 40 టన్నులు, డెర్విష్ 55 టన్నులు, రెండింటికీ 10 గుత్తులు రెండేసి. రెండూ ఎగురుతాయి. పాయింట్లు మిగలకపోతే విట్‌వర్త్, అటూ ఇటూ తిరిగే జట్టయితే డెర్విష్. అంతకుమించి వాటి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అసలు క్షిపణులే కావాలా?

దూరం నుంచి కొట్టడానికి క్షిపణులొక్కటే దారి కాదు. ఆసమ్ అని 80 టన్నుల మెక్ ఉంది. దానికి పీపీసీలు అనే కిరణ ఫిరంగులు మూడు, ఒక్కోటి 18 గడుల దాకా వెళ్తుంది, తగిలితే 10 పాయింట్లు మొత్తం ఒకేచోట పడతాయి. క్షిపణులు గీరితే ఇది పొడుస్తుంది. మోయాల్సిన మందుగుండు లేదు, పేలేది లేదు, అయిపోయేది లేదు. 28 సింక్‌లు, 240 ఆర్మర్. రెండు టర్న్‌లు మూడేసి, మూడో టర్న్ రెండు, ఈ తాళంతో పొద్దుగూకే దాకా కొట్టొచ్చు. 1605 పాయింట్లు ఎక్కువే, 3 గడుల నడక నెమ్మదే. కానీ దగ్గరికొచ్చినవాడికి భయపడని మెక్ కాబట్టి నెమ్మది అంత నొప్పెట్టదు. దీని ఒకే ఒక్క కొరత, కొండ చాటు నుంచి కొట్టలేదు. శత్రువు కనపడాలి. చాటు దెబ్బకి ఆరింట ఒకటే తగులుతుందని పైన చూశాం కదా, ఆ కొరత ఎంత పెద్దదో నువ్వే తేల్చుకో.

క్యాటపల్ట్‌లోనే కే2 అనే రకం ఉంది. క్షిపణుల పెట్టెలు తీసేసి రెండు పీపీసీలు, 20 సింక్‌లు పెట్టారు. బాగుంటుంది, కాకపోతే రెండు మెషిన్ గన్లు, వాటికి ఒక టన్ను తూటాలు తగిలించారు. ఆ టన్ను పేలితే దెబ్బ 400. పేలే క్షిపణులన్నీ తీసేసి ఆ మెషిన్ గన్ల కోసం బాంబు కడుపులో పెట్టినవాణ్ణి ఒకసారి కలవాలని ఉంది.

రైఫిల్‌మన్ వద్దు. 60 టన్నులు, పెద్ద తుపాకులు, చూడ్డానికి హీరో. 10 సింక్‌లతో రెండు పెద్ద లేజర్లు పేలిస్తేనే వేడి 16. ఆర్మర్ 120. వీపు తమలపాకు.

ఇక సీ3 అనే క్యాటపల్ట్ ఆరో-4 అనే భారీ క్షిపణి మోస్తుంది. తగిలిన గడిలో 20, చుట్టుపక్కల గడుల్లో 10. మ్యాప్‌ల అవతలి నుంచి కూడా వదలొచ్చు, అయితే అది వచ్చి దిగేసరికి శత్రువు ఎక్కడుంటాడో ముందే ఊహించాలి. జూదం ఇష్టమైనవాళ్లకి బాగుంటుంది. 3050 తర్వాతి కాలం ఆడేవాళ్లకి ఈ పోలికంతా సగం చెల్లదు. అప్పుడు వచ్చే క్లాన్లు అనే కొత్త శత్రువుల ఎల్ఆర్ఎంకి కనీస దూరం లేదు, బరువు సగమే. 60 టన్నుల మ్యాడ్ డాగ్ రెండు 20 గుత్తులు మోస్తూ 5 నడుస్తుంది. దాని ముందు మన ఆర్చర్ నిజంగా ముసలిదే.

చూసి చెప్పేవాడికి డబ్బులు మిగిలాయా?

చాటు నుంచి కొట్టాలని నిర్ణయించుకుంటే, మెక్ ఎంపిక కంటే ముందు దానికి కళ్లు ఎవరో తేల్చుకో. లోకస్ట్ 20 టన్నులు, 432 పాయింట్లు, 12 గడులు పరిగెత్తుతుంది. ఆర్చర్‌కి లోకస్ట్ కలిపితే 1909. అందరూ చేసే తప్పేంటంటే లోకస్ట్‌ని పరిగెత్తించి అదే టర్న్‌లో చూడమంటారు. పరుగుకి 2 కలిసి ఆర్చర్ గురి ఎందుకూ పనికిరాదు. ఒక టర్న్ పరిగెత్తి చెట్ల చాటుకి పో, తర్వాతి టర్న్ అక్కడే కదలకుండా కూర్చుని చూడు, తుపాకీ ముట్టకు. అప్పుడు 14 గడుల చాటు దెబ్బకి 9 చాలు. 36లో 10. ఆరింట ఒకటి కంటే బాగానే ఉంది. కదలని లోకస్ట్ ఎక్కువ సేపు బతకదు, అది వేరే విషయం.

ఈ ఏర్పాటు చేసుకునే ఓపిక లేనివాళ్లు చాటు మాట మర్చిపోయి, మంచి గుట్ట మీద నుంచి ఎదురుగా చూస్తూ కొట్టండి. నేనిప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నాను.

ఎవరికి ఏది

ఆట కొత్తయితే ఆర్చర్. తప్పులు క్షమిస్తుంది. మీ మ్యాపుల్లో గుట్టలు, ఇళ్లు ఎక్కువుంటే, వేడి లెక్కలు చిరాకైతే క్యాటపల్ట్. పాయింట్లు పెట్టుకుని గట్టిగా పోటీపడే ఇంట్లో గురి 3 పైలట్‌తో ట్రెబుషే. జట్టులో ముందుకెళ్లేవాళ్లే తక్కువైతే క్షిపణులు పక్కన పెట్టి ఆసమ్.

కొనే సంగతికొస్తే ఒక మాట. ఇప్పుడు దొరికే ప్రధాన పెట్టె, "ఎ గేమ్ ఆఫ్ ఆర్మర్డ్ కంబాట్", ఎనిమిది బొమ్మలతో వస్తుంది. అందులో క్యాటపల్ట్, ఆసమ్, లోకస్ట్ మూడూ ఉన్నాయి. ఆర్చర్ లేదు. కాబట్టి ఆర్చర్ కోసం విడిగా ఖర్చు పెట్టే ముందు ఆ పెట్టెతో నాలుగు ఆటలు ఆడి చూడండి. బొమ్మ బదులు రూపాయి బిళ్ల పెట్టి దాని మీద ముఖం ఎటుందో గీత గీసినా ఆట ఆగదు. పాత లోహపు ఆర్చర్ బొమ్మ ఎక్కడైనా చవగ్గా దొరికి, అది ఇప్పటి బొమ్మలకి పోలిక లేకుండా ఉంటే నకిలీ అనుకోకండి. ఆర్చర్, లాంగ్‌బో, రైఫిల్‌మన్ లాంటి కొన్నిటి మొదటి రూపాలు జపాన్ టీవీ బొమ్మల నుంచి తీసుకున్నవి. హక్కుల గొడవ వచ్చి వాటిని పక్కన పెట్టేశారు, తర్వాత కొత్తగా గీయించారు. రూపమే మారింది, అంకెలు అవే.

డబ్బు అసలే పెట్టకూడదనుకుంటే మెగామెక్ అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. బల్ల మీది నియమాలే అచ్చంగా అందులో నడుస్తాయి. లెక్కలన్నీ అదే చేస్తుంది. ఆర్చర్‌తో అయిదు, క్యాటపల్ట్‌తో అయిదు ఆడితే నా మాట ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

2018లో వచ్చిన కంప్యూటర్ ఆట మాత్రం వేరే లోకం. అక్కడ క్షిపణులు తగిలిన మెక్ నిలకడ తప్పి కింద పడుతుంది, పడినవాణ్ణి మిగతావాళ్లు చితక్కొడతారు. అందువల్ల గుత్తులు ఎన్ని మోస్తావన్నదే ముఖ్యమవుతుంది, మెక్‌లోని ఆయుధాలు, హీట్ సింక్‌లు నువ్వే మార్చుకోవచ్చు కాబట్టి వేడి లెక్క కూడా నీ చేతిలో ఉంటుంది. క్యాటపల్ట్, ట్రెబుషే అందులో మొదటి నుంచీ ఉన్నాయి, ఆర్చర్ కావాలంటే హెవీ మెటల్ అనే అదనపు భాగం కొనాలి. మెక్‌వారియర్ 5లో అయితే నువ్వు మెక్ లోపల కూర్చుని నడుపుతావు. అక్కడ దూరపు క్షిపణుల మెక్‌ని కంప్యూటర్ నడిపే జతగాడికి ఇచ్చి, నువ్వు ముందుండేది తీసుకో. వెనక నిలబడి క్షిపణులు వదలడం చూడ్డానికి బాగుంటుంది కానీ, గంటసేపు అదే పని చేస్తే నిద్రొస్తుంది.